కయ్యం సరే... వియ్యమే కుదరలేదు!

తొలిచూపులోనే కోపం. ఆపైన మాటకు మాట, ఎత్తుకు పైఎత్తు. ఆ కోపమే ఏదో ఒక రోజు ప్రేమవుతుందని పాఠకులకు మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. అయినా చదువుతారు... ఎలా మారిందో చూద్దామని. సరిగ్గా ఆ ‘ఎలా’ దగ్గరే చేతులెత్తేసిన ఓ పేరున్న చారిత్రక నవల ‘రీజెన్సీ బక్’. రాసింది ఊరూపేరూ లేని రచయిత్రి కాదు. ఈ తరహా నవలలన్నిటికీ అమ్మమ్మ లాంటి జార్జెట్ హేయర్!

1811 సెప్టెంబరు నెలాఖరు. ఇంగ్లండులో గ్రాంథమ్ అనే చిన్న ఊరు. సత్రాలన్నీ కిటకిటలాడిపోతున్నాయి. డబ్బిస్తామన్నా గది దొరకడం లేదు. కారణం... ఆ దగ్గర్లోని థిసిల్టన్ గ్యాప్ అనేచోట ముష్టియుద్ధం. ఒకవైపు ఇంగ్లండు ఛాంపియన్ టామ్ క్రిబ్. మరోవైపు అమెరికా నుంచి వచ్చిన నల్లజాతి యోధుడు టామ్ మాలినో. ఇది కల్పన కాదు, సెప్టెంబరు 28న నిజంగా జరిగిన పోటీ. క్రిబ్ పదకొండు రౌండ్లలో గెలిచాడు.

ఆ సందడిలోకి యార్క్‌షైర్ నుంచి ఓ అక్కా తమ్ముడూ వస్తారు. జూడిత్, పెరెగ్రిన్. తల్లీతండ్రీ లేరు. చేతినిండా ఆస్తి ఉంది. లండన్ వెళ్లి, ఇంతవరకూ ముఖం చూడని తమ సంరక్షకుణ్ని కలవాలని బయల్దేరారు. దారిలో ఓ పొగరుబోతు ఆసామి తగులుతాడు. మనిషి అందగాడే. మాటే కత్తి. మర్నాడు జూడిత్ ఒంటరిగా నడిచి వస్తుంటే అడక్కుండానే ఎత్తి తన గుర్రబ్బండిలో కూర్చోబెట్టుకుంటాడు. వద్దంటున్నా వినడు. పైగా ఓ ముద్దు కూడా పెడతాడు! ఒళ్లు మండిపోయిన జూడిత్, జన్మలో వీడి మొహం చూడకూడదనుకుంటుంది.

లండన్ చేరాక తెలుస్తుంది... తాము వెతుక్కుంటూ వచ్చిన సంరక్షకుడు సాక్షాత్తూ అతనేనని. పేరు ఎర్ల్ ఆఫ్ వర్త్. అక్కాతమ్ముళ్ల తండ్రి తన పాత స్నేహితుణ్ని మనసులో పెట్టుకుని వీలునామా రాశాడు. ఆ స్నేహితుడు పోయాడు. బిరుదుతోపాటు ఈ బాధ్యతా కొడుకు చేతికొచ్చింది.

ఇంతకన్నా మంచి ఎత్తుగడ ఏముంటుంది? నవల చేతిలో పట్టుకున్న ఎవరైనా ఇక్కడికొచ్చేసరికి కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు. ఇక చూడాలి వీళ్ల తమాషా అనుకుంటారు. 1935లో అచ్చయిన ఈ నవలని తెరిచినవాళ్లూ అలాగే అనుకుని ఉంటారు. తొంభై ఏళ్లు దాటినా ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది. చదివినవాళ్లలో చాలామంది మాత్రం చివరి పేజీ మూసి ఓ నిట్టూర్పు విడుస్తూనే ఉన్నారు.

సోగ్గాళ్ల కాలం

ముందు ఆ పేరు సంగతి. ఇంగ్లండు రాజు మూడో జార్జికి మతి చలించడంతో 1811లో ఆయన కొడుకు రాజప్రతినిధి అయ్యాడు. 1820లో తండ్రి పోయేదాకా ఆయనదే పెత్తనం. ఆ తొమ్మిదేళ్లనే రీజెన్సీ కాలం అంటారు. ‘బక్’ అంటే ఖరీదైన బట్టలేసుకుని, మేలుజాతి గుర్రాలు తోలుతూ, పందేలు కాస్తూ తిరిగే కులాసా పురుషుడు. మన మాటలో చెప్పాలంటే సోగ్గాడు. ‘రీజెన్సీ కాలపు సోగ్గాడు’ అన్నమాట.

అవతల యూరప్ అంతా నెపోలియన్ యుద్ధాలతో తగలబడుతుంటే, ఇవతల లండన్ పెద్దింటి మగవాళ్లు మెడకు చుట్టుకునే తెల్లగుడ్డ ముడి సరిగ్గా కుదిరిందా లేదా అని గంటలకొద్దీ అద్దం ముందు నిలబడేవారు. ఆ విద్యలో జగద్గురువు బో బ్రమెల్. రాజవంశం కాదు, పెద్ద ఆస్తిపరుడూ కాదు. అయినా ఆయన తలూపితే ఆ మనిషికి సమాజంలో చోటు దొరికినట్టే. కనుబొమ్మ ఎగరేస్తే పరువు పోయినట్టే. ఈ నిజమైన బ్రమెల్ నవలలో పాత్రగా వస్తాడు. పల్లెటూరి నుంచి వచ్చిన జూడిత్‌కి ఓ కిటుకు చెబుతాడు... అందరిలా ఉండకు, నీలా ఉండమని. అంతే, జూడిత్ తన బండి తనే తోలుతుంది. ముక్కుపొడుం పీలుస్తుంది. లండన్ నోరెళ్లబెడుతుంది.

బ్రమెల్ కనిపించే పేజీలు నవలలో అన్నిటికన్నా తేటగా ఉంటాయి. ఆ చతురుడే తరవాత అప్పులపాలై 1816లో ఫ్రాన్సుకి పారిపోయాడనీ, 1840లో దిక్కులేనివాడిలా అక్కడే కన్నుమూశాడనీ తెలిసి చదివితే ఆ నవ్వుల వెనక చిన్న ముల్లు గుచ్చుకుంటుంది.

ఇలాంటి వివరాలు పోగెయ్యడంలో హేయర్‌ని మించినవాళ్లు లేరు. 1902లో వింబుల్డన్‌లో పుట్టారామె. మొదటి నవల ‘ది బ్లాక్ మాత్’ 1921లో, పంతొమ్మిదేళ్లకే అచ్చయింది. టోపీలు, బండ్ల రకాలు, ధరలు, ఆనాటి వాడుక మాటలు... అన్నీ నోటు పుస్తకాల్లో రాసి పెట్టుకునేవారు. ఆమె 1974లో పోయేనాటికి ఇంట్లో వెయ్యికి పైగా చరిత్ర పుస్తకాలున్నాయట. పత్రికలకు మాత్రం ఇంటర్వ్యూలు ఇచ్చేవారు కాదు. తన గురించి తెలుసుకోవాలంటే తన పుస్తకాలు చదువుకోమనే తత్వం. మన దగ్గరా ఇంగ్లిష్ నవలలు అద్దెకిచ్చే దుకాణాల్లో మిల్స్ అండ్ బూన్, అగాథా క్రిస్టీల పక్కన హేయర్ పుస్తకాలు నలిగిన అట్టలతో దర్శనమిచ్చేవి. రీజెన్సీ కాలంలో ఆమె రాసిన మొట్టమొదటి ప్రేమనవల ఈ ‘రీజెన్సీ బక్’. ఈనాడు ప్రపంచమంతా రాసే వందలాది రీజెన్సీ ప్రేమకథలకి ఇక్కడే తొలి అడుగు పడింది. అందుకే దీని లోపమూ అంత ముఖ్యమైంది.

బ్రైటన్ దారిలో...

నవలలో మంచి ఘట్టాలకు కొదవ లేదు. లండన్ నుంచి సముద్రతీరంలోని బ్రైటన్‌కి తమ్ముడితో పందెం కాసి జూడిత్ గుర్రబ్బండి తోలుకెళ్లే అధ్యాయం చూడండి. దాదాపు 80 కిలోమీటర్ల దారి. పెద్దింటి పిల్ల నలుగురూ చూస్తుండగా రోడ్డుమీద పందెంలో దిగడమంటే ఆ కాలంలో చిన్న విషయం కాదు. గుర్రాల నురగ, దారి దుమ్ము, ఎదురొచ్చే బండ్లు... పేజీలు పరుగెడతాయి. వర్త్ మధ్యలోనే ఆమెను అందుకుని, ఆపి, కడిగిపారేస్తాడు. చదివేవాళ్లకి గుండె ఝల్లుమంటుంది. ఇద్దరిలోనూ నిప్పుంది. ఇంకేం, ఇక్కణ్నుంచి రాజుకుంటుంది అనిపిస్తుంది.

బ్రైటన్‌లో యువరాజు విలాసభవనం ఇంకో వింత. ఆయన గుర్రాలశాలకి విలియం పోర్డెన్ అనే వాస్తుశిల్పి మన దేశపు కట్టడాల పోలికలతో పెద్ద గుమ్మటం కట్టించాడు. ఇప్పుడు బొమ్మల్లో చూసే అసలు భవనం గుమ్మటాలు మాత్రం 1815 తరవాత జాన్ నాష్ చేతిమీదుగా వచ్చినవి. అంటే, కథ నడిచే 1812 నాటికి మొఘల్ నవాబుల వైభోగమంతా ముందు గుర్రాలకే దక్కిందన్నమాట! ఆ భవనంలోనే, ఉక్కపోసే గదిలో, బహుమతి ఇస్తానన్న వంకతో యువరాజు జూడిత్ మీద చెయ్యి వేయబోతాడు. ఆమె స్పృహతప్పి పడిపోతుంది. ఎంత డబ్బున్నా, ఎంత ధైర్యమున్నా ఆ కాలపు ఆడపిల్ల ఎంత నిస్సహాయురాలో ఆ ఒక్క సన్నివేశం చెబుతుంది. హేయర్ అక్కడ ఉపన్యాసం ఇవ్వరు. గదిలో వేడి మాత్రమే చెబుతారు.

మరి ఇన్ని ఉన్నాక లోటెక్కడ?

పేకలన్నీ ఒకరి చేతిలోనే

వియ్యానికైనా కయ్యానికైనా సమఉజ్జీ కావాలంటారు పెద్దలు. వియ్యం సంగతి తరవాత, ముందు కయ్యానికే ఇక్కడ సమఉజ్జీ లేదు. వర్త్ వట్టి శత్రువు కాదు, సంరక్షకుడు. ఆమె ఉండే ఇల్లు అతను చూసి పెట్టిందే. ఆమె డబ్బు అతని చేతిలోదే. 1753 నాటి వివాహ చట్టం ప్రకారం ఇరవై ఒక్కేళ్లు నిండనివాళ్లు లైసెన్సు తీసుకుని పెళ్లిచేసుకోవాలంటే తండ్రో సంరక్షకుడో ఒప్పుకోవాలి. జూడిత్‌కి వచ్చిన సంబంధాలన్నీ అతను వెనక్కి పంపేస్తాడు. రాజు కొడుకు డ్యూక్ ఆఫ్ క్లారెన్స్ అంతటివాడు ఆమెని అడిగితే అదో ప్రహసనంగా ముగుస్తుంది. తను చేస్తున్న పనులకి కారణాలు అతను చెప్పడు. ఆమె అడిగితే చిరునవ్వు నవ్వుతాడు. ఇంకా అడిగితే ఆవులిస్తాడు.

ఇదేం పోట్లాట? చెస్ ఆటలో ఒకరికి పావులన్నీ ఇచ్చి, ఇంకొకరికి ఒక్క బంటు ఇచ్చినట్టు. ఆమె ఎంత గింజుకుంటే అతనికి అంత ముచ్చట.

సరే, పాత కాలం, పాత చట్టాలు. దానికి రచయిత్రిని తప్పుపట్టడం న్యాయం కాదు. అసలు చిక్కు ఇంకోటి. పెరెగ్రిన్ మీద వరసగా హత్యాప్రయత్నాలు జరుగుతాయి. లేనిపోని గొడవ పెట్టుకుని ద్వంద్వయుద్ధానికి లాగుతారు. దారిలో దొంగల వేషంలో తుపాకీ పేలుస్తారు. ముక్కుపొడుంలో విషం కలుపుతారు. పెరెగ్రిన్ పోతే ఆస్తి అక్కకి వస్తుంది. ఆ అక్కని కట్టుకున్నవాడిదే ఆ ఆస్తంతా. భార్య ఆస్తి భార్యదేనని ఇంగ్లండు చట్టం పూర్తిగా ఒప్పుకున్నది 1882లో మరి! కాబట్టి అనుమానం వర్త్ మీదికి పోవాలని రచయిత్రి పథకం. అలా పోవాలంటే అతని మనసులో ఏముందో పాఠకులకు చెప్పకూడదు. తలుపు వేసెయ్యాలి.

వేసేశారు. దాంతో అతను ప్రేమిస్తున్నాడో, ఆడుకుంటున్నాడో, ఆస్తికోసం కాచుక్కూర్చున్నాడో తెలియదు. ఆమెను చూసినప్పుడు అతని గొంతు ఎక్కడైనా తడబడిందా? తను చేసింది తప్పని ఏ రాత్రయినా నిద్రపట్టక దొర్లాడా? ఏమో! పోనీ సస్పెన్సయినా నిలిచిందా అంటే అదీ లేదు. జూడిత్ చుట్టూ తిరుగుతూ తేనె పూసిన మాటలు చెప్పే దగ్గరి బంధువు బెర్నార్డ్ ఒకడున్నాడు. నాలుగు డిటెక్టివ్ నవలలు చదివినవాళ్లెవరైనా సగం పుస్తకంలోనే వాడి భుజం పట్టుకుంటారు. అటు అనుమానం నిలవలేదు, ఇటు అనురాగం పండలేదు.

కథ చివర బయటపెట్టినా తప్పులేదు, తొంభై ఏళ్ల పుస్తకం కదా. పెరెగ్రిన్ ఉన్నట్టుండి మాయమైపోతాడు. వాణ్ని చంపేశారేమోనని జూడిత్ తల్లడిల్లిపోతుంది. నిజానికి వాణ్ని ఎత్తుకుపోయి తన పడవలో క్షేమంగా దాచింది వర్తే! హంతకుడి బారినుంచి కాపాడటానికి. ఆ సంగతి అక్కకి మాత్రం చెప్పడు. చెబితే ఆమె దాచలేదు, దోషి జాగ్రత్తపడతాడు... ఇదీ కథ ఇచ్చే సంజాయిషీ. చివరికి బెర్నార్డ్ ఆమెను వంచించి ఓ ఇంటికి తీసుకుపోతాడు. వర్త్ వచ్చి నాలుగు తగిలించి విడిపిస్తాడు. ఆ వెంటనే తమ్ముడు సముద్రపుగాలికి రంగు తేలి, హుషారుగా దిగబడతాడు. ఆ వెంటనే పెళ్లి ప్రస్తావన. ఆ వెంటనే సమాప్తం.

తమ్ముడు చచ్చిపోయాడనుకుని ఏడ్చిన ఆ రోజులకు లెక్క ఎవరు చెబుతారు? నవలలో ఆ ప్రశ్న అడిగేవాళ్లు లేరు. జూడిత్ కూడా గట్టిగా అడగదు. ఇన్ని వందల పేజీలు పోట్లాడిన మనిషి, అడగాల్సిన ఒక్క ప్రశ్న దగ్గర మెత్తబడిపోతుంది. పాఠకుల గుండె చివుక్కుమనేది అక్కడే. సంరక్షకుడిగా ఉంటూ మనసు విప్పడం మర్యాద కాదని ఇంతకాలం ఆగానన్నది వర్త్ వాదన. మరి గ్రాంథమ్ దారిలో ఆ ముద్దో? అప్పటికింకా ఆమె ఎవరో తెలియదు కాబట్టి చెల్లిపోయిందట! దిక్కులేని ఆడపిల్లయితే ఫరవాలేదు, తన బాధ్యతలో ఉన్న పిల్లయితే తప్పు... ఈ లెక్క పెద్దమనిషి తరహాది కాదని చెప్పడానికి ఆ కాలమైనా ఈ కాలమైనా ఒకటే.

ఒకే ఏడాది... రెండు పుస్తకాలు

ఇంత తెలివైన రచయిత్రి ఇలా ఎందుకు జారిపోయారు? ఒక ఆనవాలు ఆమె జీవితంలోనే దొరుకుతుంది. 1925లో పెళ్లి సమయానికి కాస్త అటూ ఇటూగా తండ్రి గుండెపోటుతో పోయారు. ఇద్దరు తమ్ముళ్ల భారం ఆమె మీద పడింది. భర్త రొనాల్డ్ రూజియే గనుల ఇంజినీరు. తరవాత ఆ పని మానేసి న్యాయవాద విద్యలోకి మళ్లారు. ఇల్లు గడవాలంటే కలం ఆగకూడదు. 1932 నుంచి కొన్నేళ్లు ఆమె ఏడాదికో ప్రేమనవల, ఏడాదికో హత్యల నవల చొప్పున రాశారు. హత్యల కథలకి ప్లాట్లు అల్లడంలో భర్తా సాయపడేవారు.

1935లో ‘రీజెన్సీ బక్’తోపాటు అచ్చయిన రెండో పుస్తకం ‘డెత్ ఇన్ ద స్టాక్స్’ అనే డిటెక్టివ్ నవల. రెండు పొయ్యిలమీద రెండు వంటలు పెట్టిన ఇల్లాలు ఒకదాని పోపు ఇంకోదాంట్లో వేసినట్టయింది. ఎవరు చంపబోయారు అన్న ప్రశ్న ఎవరు ఎవర్ని ప్రేమిస్తున్నారు అన్న ప్రశ్నని మింగేసింది. హత్యల నవలలో చివరిదాకా దాచడమే నేర్పు. ప్రేమకథలో అలా దాస్తే మిగిలేదేముంటుంది?

చేతకాక మాత్రం కాదు. మూడేళ్ల ముందు, 1932లో ఆమె రాసిన ‘డెవిల్స్ కబ్’ చదివితే ఆ సంగతి తెలుస్తుంది. అందులో విడాల్ అనే దుడుకు యువకుడు, చెల్లెలి బదులు వచ్చిన మేరీని చూసి తేలిక మనిషనుకుని ఫ్రాన్సు దాకా లాక్కుపోతాడు. మీదికి వచ్చినప్పుడు ఆమె బతిమాలదు. పిస్తోలు తీసి కాలుస్తుంది! చేతికి గాయం. అప్పుడు కళ్లు తెరుస్తాడు. తను ఎవర్ని ఏమనుకున్నాడో సిగ్గుపడతాడు. ఆ తుపాకీ మోతతో ఇద్దరూ ఒకే మెట్టు మీదికొస్తారు. ఆ తరవాతి కథంతా సమానుల మధ్య సాగే తగవు.

ఆరేళ్ల తరవాత, 1941లో ‘ఫారోస్ డాటర్’లో మళ్లీ అదే పని ఇంకా సరదాగా చేశారు. అత్త నడిపే జూదగృహంలో ఉండే డెబోరా, తన కుర్ర బంధువుని వలలో వేసుకుంటోందని రావెన్‌స్కర్ అనే ధనికుడి నమ్మకం. వచ్చి డబ్బు ముట్టజెబుతానంటాడు. పెళ్లి ఆలోచనే లేని డెబోరాకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అతన్ని పట్టించి నేలమాళిగలో బంధిస్తుంది! ఎలకలు తిరిగే చీకట్లో ఆ పెద్దమనిషి, పైన పేకాట. తప్పు ఎవరిదో ఇద్దరికీ తెలిసొచ్చేసరికి ప్రేమ ఎప్పుడొచ్చిందో పాఠకులకే తెలియదు.

విడాల్‌కి గుండు తగిలింది. రావెన్‌స్కర్ నేలమాళిగ చూశాడు. వర్త్‌కి మాత్రం ఆ మడతనలగని కోటు మీద ఒక్క గీత పడలేదు.

రాని ఉత్తరం

‘రీజెన్సీ బక్’లో ఓ చిన్న ముచ్చటైన సన్నివేశం ఉంది. జూడిత్ లండన్‌లో పుస్తకాలు అద్దెకిచ్చే దుకాణానికి వెళ్తుంది. కొత్తగా వచ్చిన ఓ నవల తిరగేస్తుంది. రచయిత పేరుండదు. ‘ఒక మహిళ’ అని మాత్రం ఉంటుంది. అది ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’. 1811 అక్టోబరు చివర్లో వచ్చిన జేన్ ఆస్టిన్ తొలి నవల. హేయర్ తన అభిమాన రచయిత్రికి పెట్టుకున్న దణ్నం అది.

విచిత్రమేమిటంటే జూడిత్ సరైన రచయిత్రినే పట్టుకుంది గానీ కాస్త ముందుగా పట్టుకుంది. ఆస్టిన్ రెండో నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ 1813లో వచ్చింది. అందులో డార్సీ పొగరుగా పెళ్లి అడుగుతాడు. ఎలిజబెత్ మొహం మీదే కాదంటుంది. మర్నాడు అతనో పెద్ద ఉత్తరం ఇస్తాడు. తను చేసిందేమిటో, ఎందుకు చేశాడో దాపరికం లేకుండా రాసి. అది చదివాక ఆమెకు తన తొందరపాటు తెలుస్తుంది. ఆమె తిరస్కారంతో అతనికి తన అహంకారం తెలుస్తుంది. రెండొందల ఏళ్లుగా ఆ కథ నిలబడింది ఆ ఉత్తరం మీదే. ఇద్దరూ తప్పు, ఇద్దరూ వంగుతారు. వర్త్ ఎప్పుడూ ఆ ఉత్తరం రాయలేదు. అతను సరే, ఆమే తప్పు. ఇంకెక్కడి ప్రేమ... పరీక్ష పేపర్లు దిద్దినట్టుంది!

కథల్లో కోపం ప్రేమగా మారడం తెలుగు ఇళ్లకి కొత్తేమీ కాదు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో జయంతి, రాజశేఖరంల అభిమానాల పోరు కోసం మాసపత్రికకి ఎదురుచూసిన తరాలున్నాయి. తల్లులు చదివి దిండుకింద పెడితే, కూతుళ్లు తీసి చదివేవారు. ఆ కథలనుంచి నేర్చుకునేది ప్రేమ ఒక్కటే కాదు, మాట ఎవరు చెప్పాలి, ఎవరు వినాలి అన్నదీ. ‘నీ మంచికే చెప్పలేదు’ అన్న మాట వినని ఇల్లుందా? సంబంధం ఖాయమయ్యాక చెబుతారు. పొలం అమ్మేశాక చెబుతారు. తండ్రికి జబ్బని ఊళ్లో అందరికీ తెలిశాక చదువుకునే పిల్లకి చెబుతారు. చెప్పనివాడికి చెడ్డ ఉద్దేశం ఉండకపోవచ్చు. వర్త్‌కీ లేదు. కాపాడాడు కూడా. అయినా ఆ రాత్రులన్నీ ఏడ్చింది జూడితే. నవల ఆ ఏడుపుని ప్రేమ ఖాతాలో జమవేసింది. అది మింగుడుపడదు.

ఈ తరం అమ్మాయిలకి ఆ సంగతి తొందరగానే పట్టుబడుతోంది. 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘బ్రిడ్జర్‌టన్’ రెండో సీజన్ చూసినవాళ్లకి పోలిక ఇట్టే తెలుస్తుంది. జూలియా క్విన్ 2000లో రాసిన ‘ది వైకౌంట్ హూ లవ్డ్ మీ’ దానికి మూలం. అదే రీజెన్సీ లండన్. అలాంటి కులీనుడే ఆంథొనీ. ఎదురుగా మన దేశం నుంచి వచ్చిన కేట్ శర్మ. ఆ పాత్ర వేసింది తమిళ మూలాలున్న సిమోన్ ఆష్లీ. మాటల మధ్యలో ‘అప్పా’ అని వినబడితే ఇక్కడి ప్రేక్షకులు సరదా పడ్డారు. కేట్ అతన్ని తిడుతుంది, ఆటలో ఓడిస్తుంది, తను కూడా చెల్లెలి విషయంలో పెద్ద పొరపాటే చేస్తుంది. అతనూ అంతే. చారిత్రకంగా ఆ సిరీస్‌లో లొసుగులు బోలెడు. మెడగుడ్డ ముడి గురించి హేయర్ చూసి ఉంటే నొసలు చిట్లించేవారే. కానీ ఆ ఇద్దరి మధ్యా నడిచిన తగవులో ఇద్దరికీ దెబ్బ తగిలింది.

హేయర్‌కి తన పుస్తకంలో ఏం తక్కువైందో తెలుసా? ఆమె చెప్పలేదు. అయితే రెండేళ్ల తరవాత, 1937లో ‘యాన్ ఇన్‌ఫేమస్ ఆర్మీ’ రాస్తూ ఆ జంటని మళ్లీ తీసుకొచ్చారు. 1815 జూన్. బ్రసెల్స్ నగరం. నెపోలియన్ మీదికొస్తున్నాడు. నాయకుడు వర్త్ కాదు, అతని తమ్ముడు ఛార్లెస్. వెల్లింగ్టన్ సైన్యంలో అధికారి. అతని ప్రేమకథ పేరుమోసిన గడుసు పిల్ల బార్బరాతో. ఆ నవలలోని వాటర్లూ యుద్ధ వర్ణన ఎంత కచ్చితమైందంటే బ్రిటన్‌లోని శాండ్‌హర్స్ట్ సైనిక విద్యాసంస్థలో చదవమని చెప్పేవారట.

ఆ కథలో జూడిత్, వర్త్ ఓ బిడ్డతో కాపురం చేసుకుంటున్న భార్యాభర్తలు. ఊళ్లో ఉన్న ఇంగ్లిష్ కుటుంబాలు గుర్రాల కోసం కొట్టుకుంటూ పారిపోతుంటే వాళ్లు కదలరు. గాయపడిన సైనికులు వీధుల్లోకి వచ్చి పడుతుంటే జూడిత్, తనకు మొదట్నుంచీ గిట్టని బార్బరాతో కలిసి కట్లు కడుతుంది. భర్త సలహా అడుగుతుంది, నచ్చకపోతే కాదంటుంది. అతను చెప్పాల్సింది చెబుతాడు. ‘రీజెన్సీ బక్’లో నాలుగొందల పేజీలు వెతికినా దొరకని ఆ ఇద్దరూ ఇక్కడ, ఇంకొకరి కథలో, ఓ పక్కగా కనబడతారు.